కాగితం మీదికి ఎక్కని ఫిర్యాదు

ఫజ్ర్ నమాజు ముగిసి, పిల్లలు ఖుర్ఆన్ పాఠానికి కూర్చునే వేళ. మస్జిదు మెట్ల దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చెప్పులు విప్పలేదు, లోపలికి రాలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే మా పాత విద్యార్థి తండ్రి. ఆటో నడుపుకొని సంసారం ఈదుతున్న మనిషి. సలాముకు బదులు చెప్పడానికి కూడా ఆయన గొంతు పెగలలేదు.

"మౌలానా సాబ్, అబ్బాయి మొన్న పొద్దున ఇల్లు వదిలాడు. ఇంకా రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్ వస్తోంది" అన్నాడు.

ఆ పిల్లవాడు నా దగ్గర అయిదేళ్లు చదివాడు. అమ్మ పారా మొత్తం కంఠస్థం చేసి, మదర్సా వార్షిక సభలో చదివి వినిపించినవాడు. తరువాత బడికి వెళ్లాడు, ఇంటర్ మధ్యలో మానేశాడు, కొన్నాళ్లు మొబైల్ దుకాణంలో పనిచేశాడు. ఆ దుకాణం మూతపడ్డాక ఊరికే తిరుగుతున్నాడని విన్నాను. వయసు పంతొమ్మిది.

"కంగారు పడకండి. పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పండి. నేను దుఆ చేస్తాను" అన్నాను.

దుఆ చేశాను. అందులో అబద్ధం లేదు. కాని ఆయన వెంట నాలుగు అడుగులు వేయలేదు. పిల్లల పాఠం ఉందన్నాను. అది సాకు అని నాకు తెలుసు, బహుశా ఆయనకూ తెలుసు. గడ్డం, టోపీ ఉన్న మనిషి ఠాణా మెట్లెక్కితే ఎవరేమనుకుంటారో, లోపల ఏమడుగుతారో అన్న జంకు యాభై దాటిన వయసులోనూ నన్ను వదలలేదు.

ఆయన ఒక్కడే వెళ్లాడు. మొదటి రోజు స్టేషనులో ఉన్నది ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక సెంట్రీ. తక్కిన సిబ్బంది అంతా ఎవరో పెద్ద నాయకుడి పర్యటనకు బందోబస్తుకు వెళ్లారు. "కుర్రాడు కదా, స్నేహితులతో ఎక్కడికో పోయి ఉంటాడు, రెండు రోజులు చూడు" అన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు రైటర్ లేడన్నారు. మూడోసారి ఫోటో తీసుకున్నారు, ఫోను నంబరు ఒక చీటీ మీద రాసుకున్నారు. ఎవరూ కసురుకోలేదు, తిట్టలేదు. ఆ హెడ్ కానిస్టేబుల్ టీ కూడా ఇప్పించాడట. కాని కేసు కట్టలేదు. రసీదు ఇవ్వలేదు.

పదకొండో రోజున ఫోను వచ్చింది, వేరే స్టేషను నుండి. ఒడిశా కొండల వైపు నుండి దిగే రోడ్డులో తనిఖీ జరుగుతుండగా బస్సులో రెండు సంచులతో దొరికాడట. ఇరవై రెండు కిలోల గంజాయి.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి ఇరవై కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. నేరం రుజువైతే శిక్ష పదేళ్లకు తగ్గదు. ఇరవై ఏళ్ల వరకూ పడవచ్చు. బెయిలు కూడా మామూలు కేసుల్లో దొరికినట్లు దొరకదు. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణం జడ్జిగారికి కనిపించాలి. ఆ పిల్లవాడికి ఇస్తామన్న కూలి అయిదు వేలు. సంచులు ఎవరివో, ఎక్కడ ఎవరికి అందించాలో వాడికి ఒక ఫోను నంబరుగా మాత్రమే తెలుసు.

వాడు నిర్దోషి అని నేను అనను. సంచిలో ఏముందో వాడికి తెలుసు. మత్తు పదార్థం హరాం అని వాడికి నేర్పినవాణ్ణి నేనే. ఆ తనిఖీ చేసిన పోలీసులు తమ విధి తాము నిర్వర్తించారు. ఆ ఇరవై రెండు కిలోలు ఎన్ని ఇళ్లను కూల్చేవో అల్లాహ్‌కే తెలుసు. నా మనసును తొలిచింది మరొకటి. సంచి పట్టుకోవడానికి రోడ్డు మీద వాహనం ఉంది, సిబ్బంది ఉన్నారు. సంచి చేతికి రాకముందు ఆ కుర్రవాణ్ణి వెతకమని మూడుసార్లు వచ్చిన తండ్రి మాట రాసుకోవడానికి మాత్రం మనిషి లేకపోయాడు. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఎవరు నిర్ణయించారు?

ఈ ప్రశ్న పట్టుకొని కొన్ని నెలలుగా బడ్జెట్ వార్తలు చదవడం అలవాటు చేసుకున్నాను. మదర్సాలో ఫిక్‌హ్ చెప్పుకునేవాడికి ఇదెందుకు అని మా ఇంట్లోవాళ్లు నవ్వారు. కాని ప్రజాధనం కూడా బైతుల్‌మాల్ వంటి అమానతే కదా.

2025 ఫిబ్రవరి 28న మన శాసనసభ ముందుకు వచ్చిన 2025-26 బడ్జెట్ మొత్తం 3,22,359 కోట్ల రూపాయలు. అందులో హోం శాఖకు చూపినది 8,570 కోట్లు. అంటే ప్రభుత్వం ఖర్చు చేసే ప్రతి నూరు రూపాయల్లో సుమారు రెండు రూపాయల అరవై అయిదు పైసలు. అంతకు ముందు సంవత్సరం ఆ శాఖకు చూపినది 8,495 కోట్లు. ఏటేటా అంకె పెరుగుతుంది. అందులో పెద్ద భాగం జీతభత్యాలకే పోతుంది. జీతం తప్పు కాదు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది మన ప్రవక్త (స) బోధ. మిగిలిన సొమ్ములోనే వాహనాలు, కెమెరాలు, డ్రోన్లు, భవనాలు, శిక్షణ అన్నీ సర్దుకోవాలి. మన విజయనగరంలోనే పోలీసు శిక్షణ కళాశాల ఉంది. అయినా దేశం మొత్తం మీద పోలీసుల కోసం పెట్టే ప్రతి నూరు రూపాయల్లో శిక్షణకు దక్కేది రూపాయిన్నర కూడా లేదు. ఏడుస్తూ వచ్చిన తండ్రితో ఎలా మాట్లాడాలి, ఏమి అడగాలి, ఏమి రాసుకోవాలి అన్నది నేర్పే ఖర్చు ఆ రూపాయిన్నరలోపే.

మరి ప్రాధాన్యాలు ఎక్కడ తయారవుతాయి? రాజ్యాంగం పోలీసు వ్యవస్థను రాష్ట్రాల చేతిలో పెట్టింది. శాసనసభ పద్దు ఆమోదిస్తుంది. రాజధానిలోని పెద్ద అధికారులు దానిని పంచుతారు. జిల్లా ఎస్పీ తన బలగాన్ని సర్దుకుంటారు. చివరకు స్టేషను అధికారి, ఉన్న పదిహేను ఇరవై మందిలో ఈ పూట ఎవరు ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ప్రతి మెట్టు మీదా పై అధికారి అడిగేది లెక్క. ఎన్ని కిలోలు పట్టుకున్నారు, ఎన్ని వాహనాలు తనిఖీ చేశారు, పర్యటన సజావుగా జరిగిందా? ఇవన్నీ కాగితం మీద కనిపించే పనులు. రాసుకోని ఫిర్యాదు మాత్రం ఏ లెక్కలోకీ రాదు. తప్పిపోయిన పిల్లల సంఖ్యలో అది లేదు కనుక, వారిని వెతకడానికి మనుషులు చాలడం లేదని ఎవరికీ తెలియదు. తెలియదు కనుక వచ్చే ఏడు పద్దులో దానికి చోటు ఉండదు. చోటు ఉండదు కనుక మళ్లీ ఒక తండ్రి మూడుసార్లు తిరుగుతాడు.

ఆ కుటుంబం చుట్టూ తిరుగుతున్న ఈ చక్రం మన ప్రాంతానికి కొత్తది కాదు. మన శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజనుల భూములు, పంటలు షావుకార్ల చేతుల్లోకి పోతున్నాయన్న మొర ఏళ్ల తరబడి వినిపించింది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద, సభకు వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న అనే ఇద్దరు మరణించారు. ఆ కేసులో నిందితులు విడుదలయ్యారు. ఆ తరువాత సాయుధ పోరాటం, కొండల నిండా పోలీసు శిబిరాలు. 1970 జూలై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో మరణించారు. హింసను నేను ఏ వైపు నుండీ సమర్థించను. అయితే ఒక వరుస గమనించండి. ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి చేతులు మారరాదని గట్టి నిబంధన వచ్చింది 1970లోనే. శిబిరాలకు ముందు రావలసిన కాగితం శిబిరాల తరువాత వచ్చింది.

సోంపేట సంగతి మనలో చాలామంది కళ్లారా చూసినదే. బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు అర్జీలు పెట్టారు, దీక్షలు చేశారు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతి ఆ రోజుల్లోనే రద్దయింది. అంటే ఆ అర్జీల్లో న్యాయం ఉందన్నమాట. మరుసటి ఏడు ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలోనూ థర్మల్ కేంద్రం విషయంలోనే మళ్లీ కాల్పులు, మళ్లీ మరణాలు. అర్జీ చదవడానికి ఒక గుమాస్తా చాలు. అర్జీదారులను అదుపు చేయడానికి వందల మంది బలగం కావాలి. ఏది చవక?

ఇంతవరకూ ఇతరుల లెక్క చెప్పాను. ఇక నా లెక్క చెప్పాలి.

ఆ పిల్లవాడు తప్పిపోయిన నెలలోనే మీలాద్ ఏర్పాట్ల కోసం శాంతి కమిటీ సమావేశం జరిగింది. మా మస్జిదు తరఫున నేనూ వెళ్లాను. అధికారులు మర్యాదగా కూర్చోబెట్టారు. మేము మూడు కోరికలు కోరాం. ఊరేగింపునకు బందోబస్తు, మస్జిదు మలుపులో ఒక సీసీ కెమెరా, రాత్రి రెండు రోజులు పికెట్. మూడూ వారం తిరగకుండా తీరాయి. మన పిల్లల చేతికి గంజాయి ఎవరు అందిస్తున్నారని మేము అడగలేదు. మా వీధిలో ఒక కుర్రవాడు కనిపించడం లేదు, అతని తండ్రి మీ గడప తొక్కుతున్నాడు అని నేను నోరు విప్పలేదు. ఆ గదిలో అది చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. మన సంతోషకరమైన రోజున ఆ మాట ఎందుకులే అనుకున్నాను. పోలీసులు చెవిటివారు కారు. గుంపుగా వెళ్లి అడిగినది వారికి వినిపించింది. ఒంటరిగా వెళ్లి అడిగినది వినిపించలేదు. వారి ప్రాధాన్యాల పట్టికలో నా చేతి రాత కూడా ఉందని ఆ రోజు నాకు తోచలేదు.

మన రెండు పాత జిల్లాల్లో మనం నూటికి ఒక్కరం కూడా లేము. అందుకే తల వంచుకొని బ్రతకడం మనకు అలవాటైంది. ఆ భయం పూర్తిగా ఊహ కూడా కాదు. 2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 21 రాష్ట్రాల్లో దాదాపు పన్నెండు వేల మంది పోలీసు సిబ్బందిని ప్రశ్నించినప్పుడు, ముస్లిములు స్వభావసిద్ధంగానే నేరాలకు మొగ్గుతారన్న అభిప్రాయం వారిలో ఇంచుమించు సగం మందిలో ఎంతో కొంత కనిపించింది. చదివినప్పుడు గుండె బరువెక్కింది. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ఆ సిబ్బంది సగటున రోజుకు పద్నాలుగు గంటలు పనిచేస్తున్నారు. ఆ తండ్రికి టీ ఇప్పించిన హెడ్ కానిస్టేబుల్ ఆ రోజు ఎన్ని గంటలుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడో నాకు తెలియదు. అతని మీద కోపం తెచ్చుకోవడం నాకు సాధ్యం కాలేదు.

ఆ పిల్లవాడు పట్టుబడిన వారమే నా తరగతిలో సూరా బఖరా చివరి భాగం నడుస్తోంది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అక్కడ ఉంది. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. అప్పు లావాదేవీని రాసిపెట్టుకోవడం గురించి. రాయడం తెలిసినవాడు రాయడానికి నిరాకరించరాదని, సాక్షులను పిలిచినప్పుడు వారు వెనుకాడరాదని, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు పడరాదని అందులో అల్లాహ్ ఆదేశించాడు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఈ ఆయత్ చెబుతున్నాను. రాయనివాడు ఎవడు అని ఆ వారం చెబుతూ ఠాణాను తలచుకున్నాను. పిలిచినా రాని సాక్షి ఎవడు అన్న చోటికి వచ్చేసరికి నోట మాట ఆగిపోయింది. పిల్లలు నా వైపు చూస్తున్నారు. గ్రంథం మూసి, మిగిలినది రేపు చెప్పుకుందాం అన్నాను.

హజ్రత్ ఉమర్ (రజి) రాత్రి గస్తీ కథ మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. మదీనా వెలుపల ఒక తల్లి, ఆకలితో ఏడుస్తున్న పిల్లలను మాయపుచ్చడానికి వట్టి నీళ్ల కుండ పొయ్యి మీద పెట్టింది. తమ పాలకుడికి తమ గోడు పట్టదని ఆమె ఆయన ముందే, ఆయన ఎవరో తెలియక నిష్ఠూరమాడింది. ఆయన ఆమెను తప్పుపట్టలేదు. వెళ్లి పిండి బస్తా తన వీపు మీదే మోసుకొచ్చారు. ఇస్లామీయ చరిత్రలో గస్తీ అనగానే మనకు గుర్తొచ్చే రాత్రి అది. ఆ రాత్రి ఆయనకు దొరికింది దొంగ కాదు, ఆకలి. కరవు సంవత్సరంలో ఆకలికి దొంగిలించినవారిపై చేతి శిక్ష అమలు చేయకుండా నిలిపివేశారని కూడా చరిత్రకారులు రాశారు. భద్రత అన్న మాటకు ఆయన ఇచ్చిన క్రమం అది. ఇక బనూ మఖ్జూమ్ స్త్రీ విషయంలో మన ప్రవక్త (స) ఇచ్చిన హెచ్చరిక తెలిసినదే. గొప్పవాడు దొంగిలిస్తే వదిలేసి, బలహీనుడు దొంగిలిస్తే శిక్షించినందువల్లే పూర్వ జాతులు నశించాయన్నారు. సంచి మోసిన పంతొమ్మిదేళ్లవాడు జైల్లో ఉన్నాడు. సంచి యజమాని ఫోను నంబరు మారిపోయింది.

సోదర సోదరీమణులారా, నిరాశ చెందమని ఇది రాయడం లేదు. చట్టం మన చేతికి కొన్ని హక్కులు ఇచ్చింది. పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయగల స్థాయి నేరం జరిగిందని ఫిర్యాదు చేస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013 నవంబరులో లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త చట్టం ప్రకారం నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. స్టేషను అధికారి నిరాకరిస్తే ఫిర్యాదును లిఖితపూర్వకంగా జిల్లా ఎస్పీకి పంపవచ్చు. ప్రతి సోమవారం ఎస్పీ కార్యాలయంలో అర్జీలు తీసుకుంటారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక ఆ కొండ ప్రాంతాల వారికి ఆ కార్యాలయం దగ్గరైంది కూడా. పోలీసులపై ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర స్థాయిలోనూ జిల్లా స్థాయిలోనూ ప్రత్యేక సంస్థలు ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22నే ఆదేశించింది.

ఇవన్నీ ఆ తండ్రికి తెలియవు. నాకూ అప్పుడు తెలియవు. తెలుసుకోవలసిన బాధ్యత అక్షరం నేర్చినవాళ్లది. మా మస్జిదు కమిటీలో ఇప్పుడు ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. ఎవరికైనా స్టేషనుకు వెళ్లవలసిన అవసరం వస్తే, వారి వెంట ఇద్దరు వెళ్లాలి. ఒకరు అర్జీ రాయగలవారు, ఇంకొకరు ఊళ్లో మాట చెల్లేవారు. స్టేషను ముద్ర వేసిన రసీదు తీసుకోనిదే తిరిగి రాకూడదు. ముస్లిమా, హిందువా, క్రైస్తవుడా అని చూడకూడదు. ఈ ఏడాది ఇలా ఆరుసార్లు వెళ్లాం. మా వీధి చివర ఇడ్లీలు అమ్ముకునే అమ్మ గొలుసు పోతే ఆమె వెంట వెళ్లింది నేనే. మెట్లెక్కేటప్పుడు జంకు పోలేదు. ఆమె నా కంటే ముందు నడిచింది కనుక ఎక్కగలిగాను. శాంతి కమిటీలో ఈసారి బందోబస్తుతో పాటు రెండు ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చాం. ఈ ఏడు తప్పిపోయినవారి గురించి ఎన్ని ఫిర్యాదులు నమోదయ్యాయి? గంజాయి మోసినవారు కాక మోయించినవారు ఎందరు పట్టుబడ్డారు? అధికారి కాగితం చదివి ఫైల్లో పెట్టుకున్నారు. జవాబు ఇంకా రాలేదు. సమావేశం జరిగిన ప్రతిసారీ అడుగుతాం, ఇన్షా అల్లాహ్.

పోయిన నెల ఆ తండ్రితో కలిసి జైలుకు వెళ్లాను. ఈసారి పాఠం ఉందని చెప్పలేదు. అద్దం అవతల పిల్లవాడు చిక్కిపోయి ఉన్నాడు. నన్ను చూడగానే తల దించుకున్నాడు. ఏమి మాట్లాడాలో నాకు తోచక, అమ్మ పారా గుర్తుందా అని అడిగాను. గుర్తుంది హజరత్ అన్నాడు. కాసేపటికి, "అబ్బా మొదటి రోజే స్టేషనుకు వెళ్లాడట కదా. అప్పటికి నేను ఇంకా ఊళ్లోనే ఉన్నాను. మూడు రోజులు బస్టాండు పక్క లాడ్జిలోనే ఉంచారు నన్ను" అన్నాడు.

తండ్రి ఆ మాట విన్నాడు. ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు చాలా దూరం వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. నమాజు వేళకు దిగి, దారి పక్క మస్జిదులో వుజూ చేసుకుంటుండగా ఆయన అన్నాడు: "కేసు నడుస్తుంది లెండి మౌలానా సాబ్. మీరు ఆ రోజు వచ్చినా వాళ్లు రాసేవారో లేదో."

నన్ను ఓదార్చడానికి అన్నాడని తెలుసు. రాసేవారో లేదో నాకూ తెలియదు. నేను వెళ్లలేదన్నది మాత్రం తెలుసు.

యా అల్లాహ్, పిలిచినప్పుడు వెనుకాడని సాక్షులుగా మమ్మల్ని చేయి. మా పిల్లలను కాపాడు. మా మొర వినే అధికారులకు సత్తువనూ న్యాయబుద్ధినీ ప్రసాదించు. ఆమీన్.